గాజు పూసల కోత, సాన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఏడాదిగా దీపజ్వాల మీద గాజు కడ్డీలను కరిగించి పూసలు చేస్తున్నాను. రంగులను పొరలు పొరలుగా చుట్టిన పూసను అడ్డంగా కోసి, లోపలి వలయాలు కనిపించేలా సాన పట్టాలని కోరిక. మూడింటిని ప్రయత్నిస్తే రెండు కోత మధ్యలోనే పగిలిపోయాయి. మూడోదాని ముఖం ఎంత రుద్దినా పొగ పట్టినట్టు తెల్లగానే ఉంది. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ కారణాలు వేరు. పూస పగలడానికి కారణం రంపం కంటే ముందే, కొలిమి దగ్గరే ఉండి ఉంటుంది. జ్వాలలోంచి తీసిన పూస పైభాగం ముందుగా చల్లారి గట్టిపడుతుంది. లోపలి గాజు ఆ తరువాత చల్లారుతూ కుంచించుకోవాలని చూసినా పై పొర దాన్ని కదలనివ్వదు. అలా బిగుసుకున్న ఒత్తిడి పూస నిండుగా ఉన్నంతకాలం బయటపడకపోవచ్చు గాని, రంపం పై పొరను తెంచగానే ఆ సమతూకం చెడి పూస చీలుతుంది. అందువల్ల కోయదలచిన ప్రతి పూసనూ ముందుగా ఎనీలింగ్ చేయాలి, అంటే మెత్తని సోడా గాజుకు సుమారు 510 డిగ్రీల సెల్సియస్, వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజుకు సుమారు 565 డిగ్రీల వేడి వద్ద కొంతసేపు నిలిపి, ఆపైన మెల్లగా చల్లార్చాలి. బూడిదలోనో వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు పలుకుల్లోనో గుచ్చి చల్లార్చడం దీనికి సాటి రాదు. వేడికి వేర్వేరుగా వ్యాకోచించే గాజులను ఒకే పూసలో కలిపి ఉంటే మాత్రం ఏ ఎనీలింగూ ఆ పూసను కాపాడలేదు. పారదర్శకమైన పూసనైతే, ఒకదానికొకటి అడ్డంగా తిప్పి ఉంచిన రెండు పోలరైజింగ్ పలకల (కాంతిని ఒకే దిశలో కంపించేలా వడకట్టే పలకల) మధ్య పెట్టి చూడండి. ఒత్తిడి ఉన్నచోట వెలుగు మరకలు కనిపిస్తాయి.

కోతకు అంచు చుట్టూ ఎక్కడా ఖాళీ లేకుండా వజ్రపు రేణువులు అతికిన పలుచని బిళ్ళ కావాలి. అది కోయదు, అరగదీస్తుంది. కాబట్టి పూసను బలంగా నెట్టకుండా, నీరు ఆగకుండా తగిలేలా చూస్తూ, బిళ్ళ అరగదీసే వేగాన్నే అనుసరించండి. చివరి మిల్లీమీటరు దగ్గర మరింత నెమ్మదించకపోతే ఆ అంచు పెచ్చుగా ఊడివస్తుంది. కోత అయ్యాక ముఖాన్ని రుద్దే ముందే దాని చుట్టూ అంచును కాస్త ఏటవాలుగా అరగదీయండి. తరువాత లేచే పెచ్చుల్లో చాలా భాగం దీనితోనే ఆగిపోతుంది.

ఇక తెల్లదనం సంగతి. అది పొగ కాదు, కంటికి విడిగా ఆనని వేల గీతలు. 220 నంబరు సిలికాన్ కార్బైడ్ పొడి మిగిల్చిన గీతలను 400 నంబరు (నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నం) పూర్తిగా తుడిచిపెట్టాలి, 400 గీతలను 600 నంబరు, దాని గీతలను ప్యూమిస్ అనే నురుగురాయి పొడి; చివరగా తడిపిన ఫెల్ట్ (అదిమిన ఉన్ని బట్ట) మీద సీరియం ఆక్సైడ్ అనే మెత్తని మెరుగు పొడితో మెరుగు పెట్టాలి. ఏ మెట్టునైనా సగంలో వదిలితే ఆ లోతైన గీతలను సీరియం ఎన్ని గంటలు రుద్దినా తీయలేదు. మీ మూడో పూసకు జరిగింది ఇదేనని నా నమ్మకం, ఎందుకంటే తడి గాజు మీద గీతలు కనిపించవు, పని అయిపోయిందని భ్రమ కలుగుతుంది. ప్రతి మెట్టు చివర ముఖాన్ని ఆరబెట్టి, వాలుగా పడే వెలుతురులో చూడండి. మెట్టు మారినప్పుడల్లా పూసను, చేతులను, పళ్ళేన్ని కడగండి. 600 నంబరు పొడిలో చేరిన ఒక్క 220 రేణువు గంట శ్రమను పాడుచేస్తుంది.

మొదట యంత్రం కంటే చేతితో రుద్దే వజ్రపు బద్దలనే వాడమంటాను. చేతికి తెలిసినంత స్పష్టంగా గాజు పట్టు యంత్రం మీద తెలియదు. గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పనంతా తడిగానే చేయండి. మడ్డి నీటిని తూములో పోయకుండా బకెట్టులో తేర్చి, అడుగున చేరినదాన్ని చెత్తలో వేయండి.

మీరు కోరే అందానికి పాత వంశం ఉంది. 15వ శతాబ్దం చివర మురానోలో పుట్టిన షెవ్రాన్ పూసలు దీపజ్వాలవి కాకపోయినా, సాగదీసిన గొట్టపు ముక్కల కొసలను సాన పట్టడం వల్లనే వాటి నక్షత్రపు పొరలు బయటపడ్డాయి.

ప్రశ్న: సాన పట్టాక సీరియంకు బదులు పూసను మళ్ళీ జ్వాలలో చూపితే మెరుపు రాదా?

జవాబు: వస్తుంది, కానీ చల్లని పూసను నేరుగా జ్వాలలో పెడితే పగులుతుంది. ముందుగా రేణువులేమీ మిగలకుండా కడిగి, కొలిమిలో నెమ్మదిగా ఎనీలింగ్ వేడికి తెచ్చి, కాసేపే జ్వాలలో తిప్పి, మళ్ళీ ఎనీలింగ్ చేయాలి. ఇలా చేస్తే అంచులు గుండ్రబడి, చదునైన ముఖం పదును పోతుంది. కోసిన వలయాలు స్పష్టంగా నిలవాలంటే సీరియమే మేలు.