అందరూ ‘పామే కదా’ అంటున్నారు, నాకేమో ముద్ద దిగడం లేదు

ప్రశ్న: మేడమ్, నాకు ముప్పై ఏళ్లు. ఆరేళ్లుగా ఒక బాల్ పైథాన్‌ను (చిన్న రకం కొండచిలువ) పెంచుకున్నాను. ముడుచుకుని పడుకుంటే గవ్వలా ఉంటుందని ‘గవ్వ’ అని పేరు పెట్టాను. పోయిన చలికాలంలో అది తిండి మానేసింది. ఈ జాతి పాములు నెలల తరబడి తినకపోవడం మామూలేనని చదివి ఊరుకున్నాను. మూడో నెలలో మావారు ‘‘ఒకసారి డాక్టరుకు చూపించరాదూ’’ అన్నారు. ‘‘మీకు తెలీదు, ఇది మామూలే’’ అన్నాను. ఐదో నెలకి వెన్నెముక పైకి తేలింది. అప్పుడు పరుగెత్తాను. డాక్టరు మందులిచ్చి, గొట్టంతో ఆహారం ఎలా పట్టాలో చూపించారు. ఇంట్లో నేనే పట్టాను. నోరు తెరిపించిన ప్రతిసారీ మెలికలు తిరిగిపోయేది. రెండు వారాలకు చనిపోయింది. పూడ్చేశాం. ఎందుకు తినలేదో తెలియనే లేదు.

దాని తిండికి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. తేదీ, ఎదురుగా తిందా లేదా, అంతే. చివరి పేజీ నిండా ‘తినలేదు’ అనే ఉంది. రాత్రిళ్లు లేచి దాని తొట్టె దగ్గర కూర్చుని అదే చూసుకుంటున్నాను. హీటర్ ఇంకా ఆపలేదు. మావారు ‘‘ఇంకోటి తెచ్చుకుందాంలే’’ అంటున్నారు. మా అత్తగారు ఏమీ అనడం లేదు గానీ, ముఖంలో తేలికపడ్డట్టు తెలిసిపోతోంది. నేను దాన్ని ఆకలితో చంపేశానా? ఒక పాము కోసం ఇంత ఏడవడం మామూలేనా?
– పేరు వేయకండి

జవాబు: రెండో ప్రశ్న చిన్నది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మామూలే. కుక్క పోతే పలకరించడానికి నలుగురు వస్తారు, పాము పోతే ఊపిరి పీల్చుకుంటారు. తేడా అక్కడుంది, మీ ఏడుపులో కాదు. చుట్టూ ఉన్నవాళ్లు దుఃఖంగా లెక్కవేయని దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే అమెరికా పరిశోధకుడు 1989లోనే రాశారు. అలాంటి దుఃఖంలో ఉన్నవాళ్లు ఏడవడమే కాక, ఏడుస్తున్నందుకు సంజాయిషీ కూడా ఇచ్చుకోవాల్సి వస్తుంది. మీ ఉత్తరంలో సగం ఆ సంజాయిషీయే. నాకు అక్కర్లేదమ్మా.

మొదటి ప్రశ్నకు ‘మీ తప్పేమీ లేదు’ అని రాసేస్తే నా పని సులువవుతుంది. ఆ మాట మీకు ఇప్పటికే ఒకరిద్దరు చెప్పే ఉంటారు, మీరు నమ్మి ఉండరు. అందుకని విడివిడిగా చూద్దాం.

మీరు చదివింది నిజం. పెద్ద బాల్ పైథాన్‌లు చలికాలంలోనో జతకట్టే కాలంలోనో నెలల తరబడి ఎలుకను ముట్టకుండా ఉండి, ఏమీ జరగనట్టు మళ్లీ తింటాయి. పాము మనలా ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి తిండిని ఖర్చుపెట్టదు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో ఈ జాతితో సహా మూడు రకాల పాముల్ని ఇంచుమించు ఆరునెలలు తిండి లేకుండా ఉంచి చూశారు. కొన్ని తమ ఒంటి ఖర్చును 72 శాతం దాకా తగ్గించుకున్నాయి. కాబట్టి ‘ఇది మామూలే’ అన్నప్పుడు మీరు అశ్రద్ధగా ఏమీ అనలేదు. ఈ పాముల్ని పెంచేవాళ్లలో ఎవరిని అడిగినా అదే చెప్పి ఉండేవారు.

అయితే ఆ మాటకు ఒక షరతు ఉంది. ఆరోగ్యంగా ఉండి తినని పాము బరువు పెద్దగా తగ్గదు. జబ్బుతో తినని పాము తగ్గిపోతుంది. రెండూ తొట్టెలో ఒకేలా పడుకుంటాయి, ఒకేలా నాలుక ఆడిస్తాయి. చాలాసార్లు తేడాను ముందుగా చెప్పేది తూకమే. మీ నోటుపుస్తకంలో తేదీ ఉంది, తిందో లేదో ఉంది, బరువు లేదు. లేకపోవడం ఒక లోపం. దాన్ని దాచి మిమ్మల్ని ఓదార్చను. కానీ దాని కొలత అంతవరకే. తూకం వేయకపోవడం వేరు, ఆకలితో చంపడం వేరు. రాత్రి ఆ తొట్టె ముందు కూర్చుని మీరు మొదటిదాన్ని రెండోదిగా చదువుకుంటున్నారు.

మూడో నెలలోనే చూపించి ఉంటే? నోట్లో పుండు, ఊపిరితిత్తుల్లో చీము, ఒంటిమీద నెత్తురు పీల్చే చిన్న పురుగులు లాంటివైతే త్వరగా పట్టుకుంటే నయం కావచ్చు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి పొట్టలో చేరి ఉంటే, పాముల్లో దానికి నమ్మకంగా పనిచేసే మందు ఇప్పటికీ లేదు. పైథాన్‌ల ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే నిడోవైరస్‌లని ఒక జాతి ఉంది, వాటి సంగతి శాస్త్రానికి తెలిసిందే 2014లో. మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే అది బయటపడేసరికే ఆలస్యం అయిపోతుంది. అడవిలో నీరసంగా కనిపించిన ప్రాణిని ఇంకొకటి తినేస్తుంది, అందుకే పాము తన జబ్బును చివరిదాకా బయటపెట్టదు. గవ్వకు వీటిలో ఏది వచ్చిందో, అసలు వీటిలో ఒకటేనో కాదో ఎవరూ చెప్పలేరు. అప్పుడు వెళ్లి ఉంటే బతికేదేమో, వెళ్లినా ఇదే జరిగేదేమో. మనసు ఈ రెండింటి మధ్య నిలవలేక ‘నేనే చంపాను’ అనే వైపుకి దూకుతుంది. ఎంత బాధ పెట్టినా అది కనీసం ఒక జవాబు కదా! జవాబు లేకుండా ఉండటం అంతకంటే కష్టం. మీరు నేర్చుకోవాల్సింది అదే, తొందరగా రాదు.

(ఇంకెవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను: కారణం తెలుసుకోవాలనుకుంటే చనిపోయిన పామును ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి, ఒకటి రెండు రోజుల్లోపల పోస్ట్‌మార్టం చేసే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ఫ్రీజర్‌లో పెడితే కణజాలం చెడిపోతుంది.)

గొట్టంతో తిండి పట్టడం గురించి. అది మెలికలు తిరగడం మీ కళ్లముందు నుంచి పోవడం లేదని ఉత్తరంలో ఆ ఒక్క వాక్యమే చెబుతోంది. దానికి అది ఇష్టం లేదు, నిజమే. చేయకుండా ఉండి ఉంటే ఈపాటికి ‘కనీసం ఆ ప్రయత్నమైనా చేయలేదు’ అని నాకు రాసి ఉండేవారు. డాక్టరు చెప్పిన వైద్యం మీ చేత్తో చేశారు. ఆ చేతి మీద కేసు పెట్టకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. మనకు ప్రేమంటే పెట్టడమే. బిడ్డ అలిగితే ముద్ద మానేస్తాడు, మనం బతిమాలతాం. మనం వండింది ఎవరైనా ముట్టకుండా లేచిపోతే చిన్నబుచ్చుకుంటాం. ఆ లెక్కంతా మీరు గవ్వ మీదికి తెచ్చారు. ఫ్రీజర్‌లోని ఎలుకను వెచ్చచేసి, పటకారుతో దాని ముందు ఊపి, అది తల తిప్పుకున్న ప్రతిసారీ ‘నన్ను వద్దంది’ అని లోపలెక్కడో రాసుకున్నారు. నోటుపుస్తకంలో ఉన్న ‘తినలేదు’లన్నీ మీమీద తీర్పుల్లా కనిపించేది అందుకే.

పాము వైపు నుంచి చూస్తే కథ ఇది కాదు. బర్మా కొండచిలువల మీద 2005లో అచ్చైన పరిశోధన ఒకటుంది. పెద్ద భోజనం చేసిన రెండు రోజుల్లో వాటి గుండె కండరం 40 శాతం పెరుగుతుందట. భోజనం లేనప్పుడు గుండె, పేగులు మళ్లీ చిన్నవైపోతాయి. అంటే తినకుండా ఉండటం ఆ ఒంటికి అలవాటైన స్థితి. పూటకి నాలుగు మెతుకులు పడకపోతే విలవిల్లాడే మన కడుపుతో దాన్ని కొలవకూడదు. పైగా జబ్బు చేసిన జంతువుకు ఆకలే చచ్చిపోతుంది. అర్ధరాత్రి మీకు కనిపిస్తున్న గవ్వ, అంటే ఆకలితో నకనకలాడుతూ మీ కోసం ఎదురుచూసిన గవ్వ, మీ కడుపులోంచి పుట్టింది. తొట్టెలో ఉన్నది అది కాదు. ఆ నోటుపుస్తకం చూడాలనిపిస్తే చివరి పేజీ ఒక్కటే చూడకండి. ఆరేళ్లు పెంచారంటే ముందు పేజీల్లో ‘తింది’ అని వందసార్లకు పైగానే ఉండి ఉంటుంది.

మీవారి సంగతి. ఆయన మూడో నెలలో చెప్పిందే సరైనదని మీకు తెలుసు. ‘ఇంకోటి తెచ్చుకుందాం’ అన్న మాట మీకంతగా గుచ్చుకోవడానికి, ఆ మాట మొరటుదనం ఎంత కారణమో ఇది కూడా అంతే కారణమని నా అనుమానం. ఇంకొకటి గమనించారా? ‘నేను ముందే చెప్పాను’ అని ఆయన అన్నట్టు మీరెక్కడా రాయలేదు. చాలామంది మగవాళ్లకు, ఆడవాళ్లకు కూడా, ఆ మాట ఆపుకోవడం ఎంత కష్టమో ఇన్నేళ్ల నా పనిలో చూశాను. ‘‘అప్పుడు మీ మాట వినాల్సింది’’ అని మీరే ఒకసారి అనేయండి. ఆ తర్వాత ‘‘ఇప్పుడు ఇంకోటి వద్దు, కాసేపు కూర్చుంటే చాలు’’ అని కూడా చెప్పండి. ఏం చేయాలో తోచక కొనిపెడతానంటున్న మనిషికి కూర్చోవడం కూడా ఒక పనేనని తెలియాలి.

మీ అత్తగారిని వదిలేయండి. ఆరేళ్లు పాము ఉన్న ఇంట్లో, ఎలుకలున్న ఫ్రీజర్ పక్కన కాపురం చేసి నోరెత్తని మనిషి. కాస్త తేలికపడే హక్కు ఆవిడకుంది.

హీటర్ ఒక పగటిపూట మీ చేత్తోనే ఆపండి, పక్కన మీవారిని ఉండమనండి. కుబుసం ఏదైనా దాచి ఉంటే ఉంచుకోండి. తొట్టెలోని చెక్కలు, అడుగున పరిచినదంతా పారేయండి. తొట్టెను, పటకారును ఇంకెవరికీ ఇవ్వకండి. జబ్బేమిటో తెలియదు, క్రిప్టోస్పోరిడియం అయితే మామూలు బ్లీచ్‌కు లొంగదు. మీవారి తొందరకు అడ్డు చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ముద్ద దిగడం లేదు, నిద్ర లేదు అన్నారు. ఇంకో రెండు మూడు వారాలకూ ఇలాగే ఉంటే మీ కోసం మీరు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ‘నేనూ లేకపోతే బాగుండు’ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వారాలు ఆగొద్దు, ఆ రోజే మీవారికి చెప్పి వెళ్లండి.

ఎప్పటికైనా మళ్లీ పామును తెచ్చుకోవాలనిపిస్తే, అది ఆయన్ని ఊరడించడానికో ఆయన మిమ్మల్ని ఊరడించడానికో కాకూడదు. తెచ్చిన మొదట్లోనే మల పరీక్ష చేయించండి. నోటుపుస్తకంలో బరువుకి ఒక గడి గీయండి. బరువు పదో వంతు తగ్గితే, తిన్నా తినకపోయినా, మామూలేనని ఎవరు చెప్పినా డాక్టరు దగ్గరికే అని మీరిద్దరూ ముందే ఒప్పుకోండి. అప్పుడు ఎవరు ముందు చెప్పారన్న ప్రశ్నే రాదు.