ఫోటోగ్రాఫర్‌కు సగం డబ్బు ముందే ఇవ్వాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి. ఫోటోలు, వీడియో, ఆల్బం కలిపి 1,20,000 రూపాయలకు మాట్లాడుకున్నాం. తేదీ ఖాయం కావాలంటే 60,000 ముందే ఇవ్వాలని, పెళ్లి వాయిదా పడినా తిరిగి ఇవ్వనని ఫోటోగ్రాఫర్ అంటున్నారు. అందుకోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసుకోవాలి. పని చేయకముందే డబ్బు అడగడం న్యాయమేనా?

జవాబు: అడగడం న్యాయమే. సగం అడగడం, పైసా తిరిగి ఇవ్వననడం, ఈ రెండింటి దగ్గర మాత్రం మీరు గట్టిగా బేరమాడవచ్చు.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. శ్రావణం రాగానే ఉన్న కొద్దిపాటి ముహూర్తాల మీదే అందరూ పడతారు. మీకు మాట ఇచ్చిన ఫోటోగ్రాఫర్ అదే తేదీకి కాజీపేట నుంచో పరకాల నుంచో అడిగినవాళ్లను వద్దని పంపించాలి. బట్టల దుకాణంలో ఇవాళ పోని చీర రేపు పోతుంది. పోయిన ముహూర్తాన్ని ఆయన ఎవరికి అమ్ముకుంటారు? మనం బయానా అనేది, పాత తెలుగులో సంచకారం అనేది ఈ మాట నిలబెట్టే డబ్బునే.

పైగా రెండో కెమెరా పట్టేవారికి, డ్రోన్ నడిపేవారికి, రోజు అద్దెకు తెచ్చే లెన్సుకు ఆయనే ముందు చెల్లించాలి. నెల జీతం ఉండదు, కెమెరా మీద అప్పు వాయిదా మాత్రం నెల నెలా వస్తుంది. నా దగ్గరికి లెక్కలు తెచ్చే ఫోటోగ్రాఫర్ల పుస్తకాల్లో మొండి బాకీలు ఎక్కువగా పెళ్లి ఘనంగా జరిగిన ఇళ్లవే. ఆల్బంకు ఫోటోలు ఎంపిక చేయకుండానే జంట బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోతుంది. ఎంపిక లేదు కనుక ఆల్బం లేదు, ఆల్బం రాలేదు కనుక డబ్బు ఇవ్వరు. ఒకసారి ఇలా దెబ్బ తిన్నవారు తర్వాత వచ్చే మీలాంటివారిని సగం అడుగుతారు.

ఇక తిరిగి ఇవ్వననే షరతు. ఒప్పందం తప్పితే ఇంత వదులుకోవాలని రాసుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం దక్కేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే. డబ్బు తీసుకుని ఆయనే రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల వరకు ఫీజు లేదు. అయితే పెళ్లి ఇంట్లో కేసుల మాట ఎందుకు? ముందే కాగితం మీద రాసుకోండి.

నేనైతే ఇలా అడుగుతాను: ఇప్పుడు 30,000, పెళ్లికి వారం ముందు 40,000, ఫోటోలు, వీడియో చేతికి వచ్చినప్పుడు 30,000, ఆల్బం రోజున 20,000. పెళ్లి వాయిదా సంగతి నెలన్నర ముందే చెబితే బయానా కొత్త తేదీకి మారాలి. ఆలస్యంగా చెబితే అది ఆయనకే. ఆయన రాలేకపోతే మొత్తం వెనక్కి ఇవ్వాలి. నగదు వద్దు, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపండి.

30,000 కోసం డిపాజిట్ మొత్తం రద్దు చేయకండి. చాలా బ్యాంకుల్లో వడ్డీ తగ్గడమే కాక జరిమానా కూడా పడుతుంది. డిపాజిట్ గడువు పెళ్లిలోపు తీరేదైతే దాని మీదే ఓవర్‌డ్రాఫ్ట్, అంటే డిపాజిట్ హామీగా అవసరమైనంత వాడుకునే అప్పు, అడగండి. సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అదీ వాడుకున్న సొమ్ము మీద, వాడుకున్న రోజులకే. ఫంక్షన్ హాలు, టెంటు, వంటవాళ్ల బయానాలను కూడా ఏ తేదీకి ఎంత అని ఒక కాగితం మీద రాస్తే అసలు ఎంత తీయాలో తేలుతుంది. సరుకులు మీరే తెచ్చి ఇస్తే వంటవాళ్లు పెద్దగా అడగరు. మండపం అలంకరించేవారు మాత్రం ఎక్కువే అడుగుతారు, పూలు ముందు రోజే నగదుకు కొనాలి కదా.

పెళ్లయిన నెలలోపు ఫోటోలు ఎంపిక చేసి ఇవ్వమని మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.