3,000 రూపాయల్లో మొక్కల అక్వేరియం: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

అద్దె ఫ్లాట్‌లో రెండడుగుల ట్యాంక్ పెట్టుకోవాలని ఉంది, చేతిలో 3,000 ఉన్నాయి, షాపులో అడిగితే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ప్యాకెట్ మట్టి, ప్లాంట్ లైటు అన్నీ కలిపి పదిహేను వేలు దాటుతుందన్నారు, అవేవీ లేకుండా మొక్కలు బతుకుతాయా అని అడిగారు కదండీ. బతుకుతాయి, కత్తిరించి పారేయాల్సినంతగా పెరుగుతాయి కూడా. గుంటూరులో మా ఇంట్లో సిలిండరు లేని మట్టి ట్యాంకు ఏళ్ల తరబడి నడుస్తోంది కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. ఒక్కటే షరతు, ఉన్న డబ్బులో పెద్ద వాటా మొక్కలకే పోవాలి, అది కూడా మొదటి రోజే.

మూలన రెండు మొక్కలు గుచ్చి, అవి పెరిగాక మిగతావి చూద్దాం అనుకుంటే ఆ ఖాళీలో పాచి పెరుగుతుంది. చేపల మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కొత్త ట్యాంకులో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొక్కలు అంతవరకు ఆగవు, అమ్మోనియాను నేరుగా లాగేసుకుంటాయి, పైగా నైట్రేట్ కంటే దాన్నే ముందు తీసుకుంటాయి. మన బోరు నీళ్లు చాలాచోట్ల పీహెచ్ 7 పైనే ఉంటాయి, వేడి కూడా ఎక్కువే, ఈ రెండూ కలిస్తే అదే అమ్మోనియా చేపలకు ఇంకా విషమవుతుంది. అందుకే అడుగు భాగంలో ముప్పావు వంతు మొదటి రోజే పచ్చగా కనిపించాలంటాను. ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి.

ఏ మొక్కలంటే, వేగంగా పెరిగే చవక రకాలు. వాలిస్నేరియా వెనక వరసలో పెడితే పక్క తీగలు వేసి తనే అల్లుకుంటుంది, సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లంటే దానికి ఇష్టం. హైడ్రిల్లా, హార్న్‌వోర్ట్, వాటర్ స్ప్రైట్ ఒక్కో గుప్పెడు చాలు. జావా ఫెర్న్, అనూబియాస్ కొంచెం ఖరీదు, చాలా నెమ్మదిగా పెరుగుతాయి, చిన్నవి ఒకటో రెండో తెచ్చి రాయికో కట్టెకో దారంతో కట్టండి. వాటి అడ్డ కాండం మట్టిలో పూడిస్తే కుళ్లిపోతుంది, షాపువాళ్లు ఈ మాట చెప్పరు. క్రిప్టోకోరైన్ తెచ్చిన వారంలోనే ఆకులన్నీ కరిగి జారిపోతాయి, అది చూసి పీకేయొద్దు, వేరు ఉంటే మళ్లీ చిగురేస్తుంది. పైన తేలడానికి అంతరతామర నాలుగు మొక్కలు వేయండి. తేలే మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను గాలి నుంచే తీసుకుంటాయి కాబట్టి సిలిండరు లేని లోటు వాటికి తెలియదు. అయితే వారానికోసారి సగం తీసేయాలి, లేదంటే కింద చీకటే.

ఇంట్లో మనీప్లాంట్ ఉంటే ఒక కొమ్మ కోసి, ఆకులు బయట ఉండేలా, వేర్లు నీళ్లలోకి దిగేలా ట్యాంకు అంచుకు తగిలించండి. పైసా ఖర్చు లేకుండా నైట్రేట్ లాగడంలో దానికి సాటి లేదు.

హైడ్రిల్లా, హార్న్‌వోర్ట్ కాలవల్లో, చెరువుల్లో ఉచితంగానే దొరుకుతాయి, కానీ పొలాల పక్క కాలవ అయితే పురుగుమందు కలిసి ఉండొచ్చు, అక్కడ వద్దు. ఎక్కడ తెచ్చినా జలగలు, తూనీగ పిల్లలు వెంట వస్తాయి, తూనీగ పిల్ల చిన్న చేపల్ని పట్టి తినేస్తుంది. లేత గులాబీ రంగులో పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, బాగా కడిగి, రెండు మూడు రోజులు విడిగా బకెట్‌లో ఉంచి చూసుకుని అప్పుడు వేయండి.

మట్టికి డబ్బు పెట్టనక్కర్లేదు. ఎరువు కలపని ఎర్రమట్టి చాలు, అందులో ఇనుము బాగా ఉంటుంది. నర్సరీ మిక్స్ తేవద్దు, అందులో పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఉంటుంది, నీళ్లలో పడ్డాక అమ్మోనియా ఒక్కసారిగా పెరిగిపోతుంది. నల్లరేగడి కూడా వద్దు, ఒక్క మొక్క కదిపినా నీళ్లు రోజుల తరబడి బురదగా ఉంటాయి. ఎర్రమట్టిని జల్లించి, ఆకులు, వేర్లు తీసేసి అంగుళం మందం పరవండి, రెండడుగుల ట్యాంకుకి సుమారు 5 లీటర్ల మట్టి సరిపోతుంది. అంగుళం దాటితే అడుగున గాలి ఆడక కుళ్లిన గుడ్ల వాసన మొదలవుతుంది. దానిమీద ఇంకో అంగుళం ఇసుక. ఇల్లు కట్టేచోట అడిగితే ఒక బకెట్ నది ఇసుక ఇస్తారు, అందులో రెండు మూడు మిల్లీమీటర్ల పలుకుల్ని జల్లించి తీసుకుని, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. రోబో సాండ్ వద్దు, అది రాతి పొడి, అంచులు పదునుగా ఉంటాయి, మెత్తటి భాగం గట్టిగా బిగిసిపోతుంది. ఇసుక మీద కాస్త నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. నీళ్లు పోసేటప్పుడు మధ్యలో ఒక పళ్లెం పెట్టి దానిమీద సన్నగా పోస్తే మట్టి లేవదు.

లైటుకి రెండు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు, డబ్బా మీద 6500కె అని ఉన్నవి, మామూలు హోల్డర్లలో ట్యాంకు పైన అడుగు ఎత్తులో పెడితే ఈ మొక్కలన్నిటికీ చాలు. రోజుకి ఆరేడు గంటలు, అంతకు మించొద్దు. ఎండ పడే కిటికీ పక్కన పెడితే నీళ్లు పచ్చబడటం ఖాయం. వైరు సాకెట్ కంటే కిందకి ఒక వంపు వేలాడి అప్పుడు పైకి వెళ్లేలా పెట్టండి, వైరు మీద జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు.

మా వైపు ధరల్లో లెక్కేస్తే, స్థానికంగా అతికించే 5 మిల్లీమీటర్ల గాజు ట్యాంకు పదకొండు వందలు, గాలి పంపు, స్పాంజ్ ఫిల్టరు కలిపి నాలుగు వందలు, బల్బులు, హోల్డర్లు మూడున్నర వందలు, మొక్కలకు తొమ్మిది వందలు, మిగిలింది చేపలకి. సెకండ్‌హ్యాండ్ ట్యాంకు దొరికితే ఇంకా మంచిది, మిగిలిన డబ్బు కూడా మొక్కలకే పెట్టండి. ఏ ట్యాంకైనా ఒక రోజంతా నీళ్లు నింపి లీక్ చూసుకుని, ట్యాంకు కింద థర్మోకోల్ షీటు వేసే కూర్చోబెట్టండి.

కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి వెడల్పు బకెట్‌లో ఒక రోజు ఉంచండి, లేదా షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు ఉంటాయి. ఆర్ఓ ఫిల్టరు బయటికి వదిలే నీళ్లు వాడొద్దు, వాటిలో ఉప్పులు మామూలు నీళ్లకంటే ఎక్కువ.

మొదటి నెల చేపలు లేకుండానే నడపండి. వారానికి పావు వంతు నీళ్లు మార్చండి. గాజుకి గోధుమరంగు పొర పడుతుంది, వేలితో తుడిస్తే పోతుంది, కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. నీటిపై జిడ్డు పొర వస్తే న్యూస్‌పేపర్ పరిచి లాగేయండి. చిన్న నత్తలు కనిపిస్తే టెన్షన్ పడొద్దు, చచ్చిన ఆకుల్ని తింటాయి.

ఆ తర్వాత మగ గప్పీలు ఆరు. ఆడవి కూడా తెస్తే మూడు నెలల్లో ట్యాంకు చాలదు. జీబ్రా డానియోలు కూడా మన వాతావరణానికి బాగుంటాయి, మూత ఉండాలి, ఎగురుతాయి. గోల్డ్‌ఫిష్ మొక్కల్ని పీకి తింటుంది, వద్దు. గాజు శుభ్రం చేస్తుందని సక్కర్ చేపను అంటగడతారు, అది అడుగు దాటి పెరుగుతుంది, ఇంట్లో చాలక జనం చెరువుల్లో వదిలేస్తే ఇప్పుడు అక్కడ జాలర్ల వలలు చింపుతోంది. దయచేసి కొనకండి. ఎంత మేత వేసినా రెండు నిమిషాల్లో తినేంతే, రోజుకోసారి. ఆ మేతే చివరికి మొక్కలకు ఎరువు.

నెలకోసారి అన్నీ బయటికి తీసి ట్యాంకు కడగాలని ఎవరైనా చెప్తే వినకండి, కుదురుకున్న బాక్టీరియా అంతా పోయి మళ్లీ మొదటికొస్తుంది. మార్చేటప్పుడు తీసిన నీళ్లలోనే స్పాంజిని పిండితే సరిపోతుంది.

ఇక ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో మా ట్యాంకు నీళ్లు 33 డిగ్రీల దాకా వెళ్తాయి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, పైగా లైటు ఆర్పాక మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి, అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. పగలు పంపు ఆపినా ఫర్వాలేదు, రాత్రి మాత్రం తప్పక నడపండి. మూత కాస్త తెరిచి, మీద దోమతెర గుడ్డ వేసి, చిన్న టేబుల్ ఫ్యాను నీటిపైకి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఆ లోటుకి బోరు నీళ్లు పోస్తూపోతే ఉప్పులు పేరుకుంటాయి కాబట్టి తాగే ఆర్ఓ నీళ్లు పోయండి. ఇంతకీ మీ ఫ్లాట్‌లో వచ్చేవి బోరు నీళ్లా, కుళాయి నీళ్లా? అది చెప్తే చేపల సంగతి ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.