నాన్న వైపు క్యాన్సర్లు ఉంటే కూతురికి ముప్పు ఉంటుందా?

మీ నాయనమ్మకు 42 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్, మేనత్తకు అండాశయ క్యాన్సర్ వచ్చాయనీ, అమ్మ వైపు ఎవరికీ లేదు కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చా అనీ అడిగారు. ఉండకూడదండీ. చాలామంది డాక్టర్ దగ్గర కూడా అమ్మ, అమ్మమ్మ, పిన్నిల గురించే చెప్పి ఆగిపోతారు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును పెంచే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లోని లోపం నాన్న నుంచి కూడా అంతే తేలిగ్గా దిగుతుంది. నాయనమ్మకు ఆ లోపం ఉండి ఉంటే నాన్నకు వచ్చే అవకాశం సగం, ఆయనకు ఉంటే మీకు సగం. ఆయనకు ఏ జబ్బూ లేనంత మాత్రాన లోపం లేదని కాదు.

రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. కానీ లోపం ఉన్న స్త్రీకి 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు 70 శాతం. అండాశయ క్యాన్సర్ అయితే బీఆర్‌సీఏ1తో 44 శాతం, బీఆర్‌సీఏ2తో 17 శాతం వరకూ. మామూలుగా అది 1-2 శాతమే.

ముందు కాగితం మీద మూడు తరాలు రాయండి. రెండు వైపులా, రక్తసంబంధీకులు మాత్రమే. చనిపోయిన వయసు కాదు, జబ్బు బయటపడ్డ వయసు కావాలి. మగవాళ్లనూ వదలొద్దు: రొమ్ము, ప్రోస్టేట్, పాంక్రియాస్ క్యాన్సర్లు లెక్కలోకి వస్తాయి. ఇళ్లలో "కడుపులో గడ్డ" అనేస్తారు, అది అండాశయమో, గర్భసంచో, పేగో ఎవరికీ తెలియదు. బయాప్సీ రిపోర్టు దొరికితేనే నమ్మండి. ఆడవాళ్లు తక్కువగా ఉన్న కుటుంబంలో లోపం ఉన్నా పైకి కనిపించకపోవచ్చు.

జన్యు పరీక్ష మీతో మొదలుపెట్టకండి. మేనత్త ఉంటే ఆమెకే ముందు చేయించాలి. ఆవిడలో లోపం దొరికితే మీకు ఆ ఒక్కదాన్నే వెతికితే చాలు, లేదని వస్తే ఆ లోపం తెచ్చే ముప్పు మీకు లేనట్టే. ఆమెను చూడకుండా మీకు "నెగటివ్" వస్తే దానికి పెద్ద అర్థం ఉండదు. ఆవిడ లేకపోతే తర్వాత నాన్న. జన్యువులో పెద్ద ముక్కలు ఊడిపోవడం, రెట్టింపవడం కూడా చూస్తారా అని ల్యాబ్‌ను అడగండి, కొన్ని మార్పులనే చూసే లాలాజలం కిట్లు సరిపోవు. రిపోర్టులో "వీయూఎస్" అని ఉంటే ఆ మార్పు హానికరమో కాదో ఇంకా తేలలేదని. దాన్ని పట్టుకుని ఆపరేషన్‌కు వెళ్లకండి.

లోపం తేలితే 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎమ్మారై, 30 నుంచి దానికి తోడు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). అండాశయాలకు అలాంటి నమ్మకమైన పరీక్ష లేదు. సీఏ-125 అనే రక్తపరీక్ష, స్కానింగ్‌లతో మరణాలు తగ్గినట్టు తేలలేదు. అందుకే పిల్లల విషయం తేలాక అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు తీయించుకోమంటారు: బీఆర్‌సీఏ1కి 35-40 మధ్య, బీఆర్‌సీఏ2కి 40-45 మధ్య. దాంతో నెలసరి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఎముకల గురించీ హార్మోన్ల గురించీ ఆపరేషన్‌కు ముందే మాట్లాడండి, ఒక్క సిట్టింగ్‌లో ఒప్పుకోకండి.

నాన్నలో లోపం తేలితే మీ అన్నదమ్ములకూ చెప్పండి. వాళ్లకు జబ్బు రాకపోయినా వాళ్ల కూతుళ్లకు అది అందే అవకాశం ఉంది.