నూనె తీసిన తవుడు నుంచి ప్రొటీన్‌ను పొర వడపోతతో తీయవచ్చా?

తీయవచ్చు. భీమవరం, ఆకివీడు వైపు చిల్లుల సంచుల్లో నింపి చేపల చెరువుల్లో వేలాడదీసే ఆ తవుడులో ప్రొటీన్ సుమారు 15 శాతం ఉంటుంది. చేపకు వేయడం తప్పని కాదు, మనిషి తినే సరుకుగా మారిస్తే విలువ పెరుగుతుంది.

తవుడును కొద్దిగా క్షారం కలిపిన నీటిలో, పీహెచ్ 9 దగ్గర, కలియబెడితే ప్రొటీన్ నీటిలోకి దిగుతుంది. పిప్పి తీసేసి, ఆ ద్రవాన్ని అల్ట్రాఫిల్ట్రేషన్ పొర (కంటికి కనిపించని సన్నటి రంధ్రాలున్న జల్లెడ లాంటిది) వెంట ఒత్తిడితో పారిస్తారు. కాఫీ వడకట్టినట్టు పైనుంచి పోస్తే క్షణాల్లో పూడుకుపోతుంది. అందుకే పొర మీదుగా జారుతూ పోయేలా నడపాలి. 10,000 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువు బరువుకు కొలత) పొర అయితే ప్రొటీన్లలో ఎక్కువ భాగం ఆగుతుంది. ఉప్పు, చక్కెరలు, దాదాపు 660 డాల్టన్ల ఫైటిక్ ఆమ్లం కిందికి పోతాయి. ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా అడ్డుపడేది ఈ ఆమ్లమే. ఆ ఆమ్లంలో కొంత ప్రొటీన్‌ను అంటుకునే ఉంటుంది కనుక మంచినీళ్లు కలుపుతూ మళ్లీ మళ్లీ వడపోయాలి.

అసలు చిక్కు పొర దగ్గర కాదు. నూనె తీశాక, అందుకు వాడిన ద్రావకం హెక్సేన్‌ను పోగొట్టడానికి తవుడును వేడిచేస్తారు. ఆ వేడికి ప్రొటీన్ గట్టిపడి నీటిలో సరిగా కరగదు. కాబట్టి యంత్రం కొనేముందు మీ మిల్లు తవుడును గాజు బీకరులో కరిగించి ఎంత దిగుతోందో పరీక్ష చేయించండి. అన్నట్టు, తవుడు నూనెకు పేరు తెచ్చిన ఒరిజనాల్ అనే పదార్థం కోసం ఇక్కడ వెతకకండి, అది చాలావరకు నూనెతోనే వెళ్లిపోయింది.