పూత పూయాలా, పోత పోయాలా?

సందేహం: మాది దేవరకొండ. ఇంట్లోనే వేపచెక్కతో టీపాయ్ చేసి పైన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పదార్థం) వేశాను. ఫొటో కింద “ఎపాక్సీ పోత పోశాను, ఇంకా ఆరలేదు” అని రాస్తే, పోత అనేది విగ్రహాలకే, ఇక్కడ పూత అనాలని మా బావ పట్టుబట్టాడు. ఏది సరైంది?

సమాధానం: ఎపాక్సీని ఎట్లా వేశారో మీరు చెప్పలేదు, చిక్కంతా అక్కడే ఉంది. రెజిన్, హార్డెనర్ అనే ఆ రెండు ద్రవాలు కలిపి బ్రష్షుతో పల్చగా రుద్దితే అది పూయడం, గడపకు పసుపు పూసినట్టు. గిన్నెతో తెచ్చి చెక్క మీద ఒంపి అంచులదాకా సర్దితే పోయడం. పోయడం విగ్రహాలకే అయితే మన ఇండ్లల్లో దోసెలు ఎట్లా పోస్తున్నారు? పెనం మీద పిండి పోసి గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పుతూ పల్చగా పరుస్తారు, చూస్తే అచ్చం పూసినట్టే ఉంటుంది, అయినా నల్లగొండలో గానీ పాలమూరులో గానీ “దోసె పూసిన” అన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

అయితే మీ బావ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. క్రియగా ‘పోశాను’కు అభ్యంతరం లేదు గానీ ‘పోత’ అని నామవాచకం చేయగానే అచ్చు గుర్తొస్తుంది. హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు అచ్చులో పోస్తారు చూడండి, అది పోత. రెండు చెక్కల మధ్య సందు వదిలి, చుట్టూ చట్రం కట్టి రెజిన్ నింపితే అదీ పోతే. మీ టీపాయ్ మీద పరుచుకున్న పల్చటి పొరను మాత్రం, పోసి చేసినా సరే, పూత అనడమే నయం. (కొల్లాపూర్ మామిడి రైతు దగ్గర మాత్రం “పూత రాలింది” అనకండి, గుండె ఆగుతుంది.) పని తెలిసినవాళ్లు ముందు పల్చగా పూసి చెక్క రంధ్రాలు మూస్తారు, లేకపోతే లోపలి గాలి బుడగలై పైకి తేలుతుంది. ఆ తర్వాతే పోస్తారు. అంటే ఒకే టీపాయ్‌కి రెండు క్రియలూ కావాలి.

నన్నడిగితే తప్పు ‘ఆరలేదు’లో ఉంది. ఆరడమంటే తడి పోవడం, బట్టలు ఆరినట్టు, వార్నిష్ ఆరినట్టు. ఎపాక్సీలో ఆవిరయ్యే తడి లేదు, రెండు ద్రవాలు రసాయనికంగా కలిసి గట్టిపడతాయి. పాలల్లో తోడు వేస్తే పేరుకోవడం దీనికి దగ్గరి పోలిక, కాకపోతే తోడు చెయ్యివాటంగా వేసినా పెరుగవుతుంది, హార్డెనర్ మాత్రం డబ్బా మీది కొలత తప్పితే ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటుంది. పైగా ‘వేడి ఆరడం’ అంటే చల్లబడటం కదా, ఇదేమో గట్టిపడుతూ వేడెక్కుతుంది, ఎక్కువ కలిపి గిన్నెలోనే వదిలేస్తే చెయ్యి పెట్టలేం.

కాబట్టి “ఎపాక్సీ పోశాను, ఇంకా గట్టిపడలేదు” అని మార్చండి. వేలికి అంటకపోయినా లోపల పూర్తిగా గట్టిపడటానికి కొన్ని రోజులు పడుతుంది, వేడి చాయ్ గ్లాసు అప్పుడే పెట్టకండి.