ముందు బ్రేకు పట్టవచ్చా? – ద్విచక్ర వాహనదారుల సందేహాలకు సమాధానాలు

ప్రశ్న: ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుందని, దాని జోలికి పోవద్దని నాకు మోటారు సైకిల్ నేర్పినవారు మొదటి రోజే చెప్పారు. అప్పటినుంచి కాలి బ్రేకుతోనే నెట్టుకొస్తున్నాను. ఈమధ్య ముందు వెళ్తున్న కారు హఠాత్తుగా ఆగినప్పుడు నా వెనుక చక్రం పక్కకు జారింది. వెంట్రుకవాసిలో బయటపడ్డాను. నా పద్ధతి సరైనదేనా?

జవాబు: కాదు. నేర్పినవారు మీ మేలు కోరే చెప్పి ఉంటారు గానీ, ఆ సలహా పొరపాటు. బ్రేకు వేయగానే బండి బరువు, మీ బరువు ముందు చక్రం మీదికి మళ్ళుతాయి. హ్యాండిల్ కింద ఫోర్కులు కుంగడం మీరు గమనించే ఉంటారు. అప్పుడు ముందు టైరు రోడ్డును అదిమిపట్టుకుంటుంది, వెనుక టైరు తేలికపడుతుంది కాబట్టి, గట్టిగా ఆపవలసి వచ్చినప్పుడు బండిని నిలిపే శక్తిలో చాలా భాగం ముందు చక్రం నుంచే వస్తుంది. తేలికపడిన వెనుక చక్రాన్ని కాలితో ఎంత తొక్కినా అది తిరగడం మానేసి జారుతుందే తప్ప బండి త్వరగా ఆగదు. మీకు జరిగింది అదే.

అలాగని పల్టీ భయం పూర్తిగా నిరాధారమూ కాదు. తప్పు ముందు బ్రేకుది కాదు, బెదిరి ఒక్కసారిగా బిగించే పిడికిలిది. బరువు ముందుకు చేరకముందే లివరును బలంగా లాగితే చక్రం పట్టేసి, బండి కింద పడుతుంది. కాబట్టి మొదట మెల్లగా నొక్కి, ఫోర్కులు కుంగినట్టు చేతికి తెలియగానే ఒత్తిడి పెంచుకుంటూ పోవాలి. ఆ సమయంలో బండి నిటారుగా, హ్యాండిల్ తిన్నగా ఉండాలి. మలుపులో వంగి ఉన్నప్పుడు, ఇసుక మీద, తడిసిన మ్యాన్‌హోల్ మూతల మీద, రోడ్డుపై వేసిన రంగు గీతల మీద గట్టిగా పట్టరాదు. ఏబీఎస్ (యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్) ఉన్న బండి చక్రాన్ని పట్టేయనివ్వదు గానీ, ఆగడానికి కావలసిన దూరం మాత్రం దానికీ కావాలి.

ఆ దూరం సంగతి చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు, 60లో దాదాపు 17 మీటర్లు పోతుంది. కన్ను చూసి చెయ్యి కదిలేలోగానే ఇంత దూరం ఖర్చవుతుంది. ఇక 40కి బదులు 60లో వెళ్తుంటే, బ్రేకు పట్టాక పోయే దూరం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లవుతుంది. రద్దీలో రెండు వేళ్లు ఎప్పుడూ లివరు మీదే ఉంచండి. ఖాళీ మైదానంలో తక్కువ వేగంతో మొదలుపెట్టి, చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయండి.

ప్రశ్న: పగటిపూట కూడా హెడ్‌లైటు వేసుకునే వెళ్తాను. అయినా కూడళ్లలో ఎదురుగా వచ్చే కార్లు నా ముందు నుంచే అడ్డంగా మలుపు తిరుగుతాయి. అడిగితే "చూడలేదండీ" అంటారు. ఇది నిజమేనా?

జవాబు: చాలాసార్లు నిజమే. మోటారు సైకిల్ ముందు భాగం సన్నగా ఉండడం వల్ల, అది దగ్గరకు వస్తున్న కొద్దీ పెద్దదవుతున్నట్టు చూసేవారికి చివరి క్షణం దాకా అనిపించదు. కారుల కోసం వెతికే కన్ను దాని మీదుగా జారిపోతుంది కూడా. లాస్ ఏంజిల్స్‌లో జరిగిన దాదాపు 900 మోటారు సైకిల్ ప్రమాదాలను అక్కడికే వెళ్లి పరిశీలించిన హర్ట్ నివేదిక 1981లో వెలువడింది. మరో వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతుల్లో తప్పు ఎదుటి వాహనం నడిపినవారిదేనని అందులో తేలింది. మోటారు సైకిల్ నడిపేవారికి తప్పించుకోవడానికి సాధారణంగా రెండు సెకన్లయినా దొరకలేదని, వారిలో ఎక్కువమంది వెనుక బ్రేకు అతిగా తొక్కి ముందు బ్రేకును తక్కువగా వాడారని కూడా తేలింది. పై పాఠకుడి ప్రశ్నకు అదీ ఒక జవాబే.

కూడలిలో కారు నడిపేవారి ముఖం చూసి నమ్మకండి. కళ్లు కలిసినా మిమ్మల్ని గుర్తించారని కాదు. కారు ముందు చక్రాన్ని చూడండి, కదలిక అక్కడే ముందుగా బయటపడుతుంది. బస్సు వెనకాలే అంటుకుని వెళ్తే ఎదుటివారికి మీరు అసలే కనిపించరు. హారన్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అద్దాలు బిగించుకుని పాటలు వింటున్నవారికి అది వినపడదు.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఆగిన లారీ పక్క సందులోంచి ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే, మీరూ ఆయనకు కనిపించరు. పైగా పొడవైన వాహనం మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, మలుపు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. ఆ సందు అప్పుడే మూసుకుపోతుంది. వెనకే ఆగండి.

ప్రశ్న: ఒకసారి బండి మీద నుంచి పడినప్పుడు నా హెల్మెట్ నేలకు బలంగా తగిలింది. పైన చిన్న గీత తప్ప ఏమీ కాలేదు. వాడుకోవచ్చా?

జవాబు: వాడకండి. దెబ్బను మింగేది పైపెంకు ఒక్కటే కాదు, దాని లోపలి గట్టి ఫోమ్ కూడా. ఒకసారి నలిగిన చోట అది మళ్లీ ఉబ్బదు, ఆ నలుగుడు బయటికి కనిపించదు. కొత్తది కొన్నప్పుడు పట్టీ బిగించుకుని, వెనుక అంచు పట్టి ముందుకు లాగి చూడండి. తల మీద నుంచి ఊడి వస్తే ఆ సైజు మీది కాదు.